నలభై ఏడో నంబరు డ్రైవర్

శిన్చూ ఊళ్లో ప్రైవేటు డిటెక్టివ్ అంటే పరాయి మొగుళ్ల వెనక స్కూటర్ మీద తిరిగేవాడు. ఫాన్ జుయ్-హో ఇరవై ఏళ్లుగా ఆ పనే చేస్తున్నాడు, ఆ పనంటే ఆయనకు ఏమాత్రం గౌరవం లేదు. అందుకే ఆ బుధవారం పొద్దున చ్యూ సూ-మెయ్ వచ్చి, తన గొడవ మొగుడితో కాదని, ఒక్క వాక్యంతోనని చెప్పగానే టీ కప్పు కింద పెట్టాడు. అసిస్టెంటు వాన్-చింగ్ నోటు పుస్తకం తెరిచింది.

సూ-మెయ్‌కు యాభై నాలుగేళ్లు. టెక్ కంపెనీలన్నీ ఉండే సైన్సు పార్కులో గ్రాఫిక్స్ చిప్పులు చేసే కంపెనీలో పని. చిప్పును నడిపించే డ్రైవర్ కోడ్ ఇంజినీర్లు రాస్తారు. ఆ కోడ్ ఏం చేస్తుందో, తర్వాత వచ్చేవాళ్లకు అర్థమయ్యేలా ఈవిడ రాస్తుంది. పంతొమ్మిదేళ్లుగా రాస్తోంది.

"స్క్రీన్ పని ఒకటి అవగానే చిప్పు ఇంటరప్ట్ పంపుతుందండీ. అంటే గంట కొట్టడమే. నూడుల్స్ కొట్లో వంటింటి గంట మోగిందనుకోండి. ముందు గంట ఆపి, తర్వాత బల్ల మీద ఏ గిన్నెలొచ్చాయో చూడాలి. ముందు గిన్నెలు చూసుకుని తర్వాత గంట ఆపారో, ఆ మధ్యలో వచ్చిన గిన్నె సంగతి ఎవరికీ తెలీదు. అక్కడే చల్లారిపోతుంది."

ముందు గంట ఆపాలనే తాను రాశానంది. ఇప్పుడు ఫైల్లో తిరగేసి ఉంది. మూడో తారీకు మధ్యాహ్నం పన్నెండూ నలభైకి, ఆవిడ పేరుతో, ఆవిడ కంప్యూటర్ నుంచే మార్చినట్టు రికార్డు. అయిదో తారీకున యే అనే కుర్ర ఇంజినీరు ఆ ప్రకారం రాసిన కోడ్ ఎక్కించాడు. అది నలభై ఏడో నంబరు డ్రైవర్. నిన్న, పదో తారీకున, ప్రదర్శనలో కొనేవాళ్ల కళ్లముందే స్క్రీన్లన్నీ కొయ్యబారిపోయాయి. శుక్రవారం రిపోర్టు వెళ్తుంది, తప్పు ఆవిడదని. ఉద్యోగం పోతుంది. ఆ రిపోర్టు చూశాక పార్కులో ఇంకే కంపెనీ ఆవిడ రాతను నమ్మదు.

"పన్నెండూ నలభైకి మీరెక్కడున్నారు?" అన్నాడు ఫాన్.

"కునుకు తీస్తున్నాను. ఆఫీసంతా అంతే కదండీ, దీపాలార్పేసి. నాకు నడుం నొప్పి, ఆడవాళ్ల గదిలో మడతమంచం వేసుకుంటాను. కంప్యూటర్ అలాగే వదిలేస్తాను. అందరికీ తెలుసు."

గురువారం కంపెనీ డైరెక్టర్ షీ వాళ్లకు ఒక్క గంట టైమిచ్చాడు. డ్రైవర్ల బృందానికి పెద్ద కువో చెంగ్-యెన్. నెమ్మదిగా మాట్లాడే మనిషి, చొక్కా నలగనివ్వడు. అందరూ అక్కయ్యా అని పిలిచే సూ-మెయ్ మీద చాలా జాలి చూపించాడు. పాపం వయసు మీద పడింది, ఎప్పుడు ఏం మార్చిందో ఆవిడకే గుర్తులేదు, మా కుర్రాడు యే నమ్మి మునిగాడు అన్నాడు. మూడో తారీకు మధ్యాహ్నం తానూ బల్ల మీద తల వాల్చి నిద్రపోయానన్నాడు. చీకట్లో అది ఎవరు చూడొచ్చారని వాన్-చింగ్ తనలో తాను గొణుక్కుంది.

యే తల నున్నగా గొరిగి ఉంది. ఫాన్ దాని గురించి అడిగితే, సైన్యం వాళ్లు రిజర్వు శిక్షణకు పిలిచారని, అయిదో తారీకు పొద్దుననే తిరిగి వచ్చానని చెప్పాడు. ఆ రోజే కోడ్ ఎక్కించేశావా అంటే, డాక్యుమెంట్ చూసి రాశానండీ అన్నాడు, నేల చూస్తూ.

ప్రదర్శన చెడిన సాయంత్రమే డైరెక్టర్, కొత్త డ్రైవర్లను నడిపి చూసే పరీక్షల గదికి తాళం వేయించాడు. ఇప్పుడు తనే తీశాడు. లోపల మెషీన్ నడుస్తోంది. దాని నెత్తిన మొక్కజొన్న చిరుతిండి పొట్లం, ఆకుపచ్చది. మెషీన్ బుద్ధిగా నడవాలని ఇక్కడి ఇంజినీర్లు పెట్టుకునే శకునం. పసుపుదో ఎర్రదో పెడితే మెషీన్ మొండికేస్తుంది మరి. కొత్త డ్రైవర్ వేసినవాడే పొట్లం పెట్టి, దాని మీద నంబరు, తేదీ, తన పేరు రాయాలి. ఆ డ్రైవర్ గట్టెక్కేదాకా పొట్లం తీయకూడదు, మెషీన్ ఆపకూడదు. దీని మీద "47. రెండో తారీకు. బుద్ధిగా ఉండు. కువో" అని ఉంది. ఫాన్ దాన్ని ముట్టుకోలేదు. మెషీన్ ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తోందని అడిగాడు. పది రోజులుగా అని డైరెక్టర్ తెర మీద చూసి చెప్పాడు. అందరినీ ఇక్కడికే పిలవమన్నాడు ఫాన్.

సూ-మెయ్‌తో సహా ఆరుగురూ మెషీన్ చుట్టూ నిలబడ్డారు.

"డాక్యుమెంట్ మారింది మూడున. అది చూసి కోడ్ రాశారంటున్నారు, ఎక్కించింది అయిదున. మరి ఆ డ్రైవర్ రెండో తారీకునే ఈ మెషీన్లో ఎలా కూర్చుంది?" అన్నాడు ఫాన్.

"చిరుతిండి పొట్లం సాక్ష్యమా?" అన్నాడు కువో.

"పొట్లం వద్దులెండి. మెషీన్‌నే అడుగుదాం. రెండో తారీకు నుంచి ఆగలేదు, లోపలున్నది అప్పుడు వేసినదే. బాబూ యే, తెరిచి చూడు."

యే తెరిచాడు. కోడ్‌లో అదే తిరగేసిన వరస, ముందు గిన్నెలు చూడటం, తర్వాత గంట ఆపడం. ఇక దాచలేక వాడు, కోడ్ కువో సారే తయారుగా ఇచ్చారని, నీ పేరుతో ఎక్కించు, డాక్యుమెంట్ ప్రకారమే ఉంది, నీకేం భయం అన్నారని చెప్పేశాడు.

మిగిలింది ఫాన్ చెప్పాడు. ప్రదర్శనలో వేగం చూపించాలని కువో వరస మార్చాడు. మూడున పొద్దున ఇక్కడే ఒకసారి స్క్రీన్ కొయ్యబారి ఉండాలి. వెనక్కి తీసుకుంటే ప్రదర్శన తప్పిపోతుంది. మధ్యాహ్నం దీపాలార్పగానే సూ-మెయ్ బల్ల దగ్గర కూర్చుని వాక్యం తిరగేశాడు. రికార్డులన్నీ చక్కబెట్టుకున్నాడు గానీ, ప్రదర్శన గట్టెక్కకుండా పొట్లం తీసి మెషీన్ ఆపడానికి చెయ్యి రాలేదు. ఆ తర్వాత తీద్దామంటే గదికి తాళం పడింది. వాన్-చింగ్ రాయడం మరిచిపోయి ఫాన్ వంకే చూస్తోంది.

"రెండు నిమిషాలు ఆగి దానంతటదే కదిలింది," అన్నాడు కువో చివరికి. "మళ్లీ రాదనుకున్నాను."

"వస్తే నింద మోయడానికి నేనున్నాను కదా," అంది సూ-మెయ్.

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. సాంకేతిక లోపమని రాసి పంపేద్దాం, ఎవరి పేరూ వద్దు, అక్కయ్య ఉద్యోగానికి ఢోకా లేదు, బజార్న పడితే కంపెనీకే నష్టం అన్నాడు. సూ-మెయ్ వింది. తర్వాత కుర్చీ లాక్కుని పరీక్షల గది కంప్యూటర్ ముందు కూర్చుంది, చెడిన వాక్యం తుడిచి, ముందు గంట ఆపాలని మళ్లీ రాసింది. దాని కింద, ఏ తారీకున ఏ వరస మారింది, స్క్రీన్లు ఎందుకు ఆగాయి, అన్నీ రాసింది.

"మార్చినవాళ్ల పేరు," అంది తల తిప్పకుండా. "కువో గారూ, మీ నోటితో చెప్పండి. నేను రాసుకుంటాను."

డైరెక్టర్ అడ్డు చెప్పలేదు. కువో చెప్పాడు, చాలా మెల్లగా. వినపడలేదంది సూ-మెయ్. ఆయన మళ్లీ చెప్పాడు.