కుట్టుమిషనుకి పలుపు

మథురాకాఠీ రైల్వే కాలనీలో మా లైను క్వార్టర్లన్నీ ఒకే అచ్చు. ఎర్ర ఇటుక గోడలు, ముందు చిన్న వరండా, వరండాలో ఒక నులకమంచం, ఒక సైకిలు. మా వరండాలో మాత్రం ఒక కుట్టుమిషను కూడా ఉండేది. అది మా పోలమ్మ పెద్దమ్మది. అమ్మకి అక్క. మొగుడు పోయాక మా దగ్గరే ఉండి, లైనులో ఆడవాళ్ళందరికీ రవికలు కుట్టింది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదటి చొక్కా ఆవిడ చేతిదే. పుట్టక ముందు మాత్రం గుడ్డ ముట్టేది కాదు. కడుపులో ఉన్నవాళ్ళకి బట్ట కుట్టకూడదనేది. పోయిన కార్తీకంలో ఆ మిషను మీదే తల వాల్చి, కత్తెర చేతిలో ఉండగానే కన్నుమూసింది.

నా సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నా పేరు సత్యవాణి. ఆ పేరు పెట్టడమే తను చేసిన పెద్ద తప్పంటాడు మా నాన్న గణపతిరావు. ఆయన కార్ఖానాలో ఫిట్టరు. సైరన్ మోగేసిందని చెప్పి ఒకసారి ఆయన్ని చొక్కా లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తించాను. ఉత్తరాలు తెచ్చే బెంగాలీ దాదాకి మా నిద్రమొహం కుక్కని చూపించి పిచ్చిదని చెప్పాను. ఎవరికీ చెరుపు చెయ్యలేదు. కానీ నేను వాన పడుతోందంటే మా అమ్మ చెయ్యి బయట పెట్టి చూసుకుంటుంది. ఇది మర్చిపోకండి.

సరిహద్దులో యుద్ధం మొదలవ్వడానికి కాస్త ముందు మిషను అమ్మేశారు. కొన్నది వెనక లైను సరోజక్క. ఆమె భర్త కృపారావు గూడ్సు బండి గార్డు. అక్కకి నెలలు నిండుతున్నాయి. బిడ్డ పుట్టాక ఇంట్లో కూర్చుని కుట్టుకోవచ్చని, చేతి గాజులు మాకిచ్చి మిషను తీసుకుంది. నాన్న తొక్కి చూపించాడు. అక్క చేత కూడా తొక్కించాడు. తీరా రిక్షాలోకి ఎత్తుతుంటే అమ్మ వచ్చి, కింది చక్రానికీ పై చక్రానికీ తగిలించి ఉన్న తోలు బెల్టుని విప్పేసుకుంది.

సరోజక్క తెల్లబోయింది.

"ఎద్దునమ్మితే పలుపు కూడా ఇస్తామేటమ్మా?" అంది అమ్మ. "గోల్‌బజార్లో కొత్తది దొరుకుతాది."

మా వాళ్ళది టెక్కలి వైపు. పశువుని అమ్మినా తాడుని ఇంట్లోనే ఉంచుకుంటారు, ఇంటికి కలిసొచ్చే అదృష్టం దాని వెంట పోకుండా. రైల్వే ఊరొచ్చాక మాకు పశువుల్లేవు, అయినా ఆ అలవాటు పోలేదు. పాత సైకిలు అమ్మినప్పుడు గంట విప్పుకున్నారు. అమ్మ ఆ బెల్టుని వంటింట్లో మేకుకి తగిలించి, పలుపు ఇంట్లో ఉంది కాబట్టి తాత అమ్మిన తెల్లెద్దు ఏరు దాటి తిరిగొచ్చిన కథ మళ్ళీ మొదలెట్టింది. మరి మిషను తిరిగొస్తే గడ్డేస్తావా, కుడితి పెడతావా అని అడిగాను. అందరం నవ్వుకున్నాం.

సరోజక్క మొదటిసారి వచ్చింది పెడలు బరువుగా ఉందని. నాన్న వెళ్ళి నూనె వేసి వచ్చాడు. రెండోసారి చప్పుడు చేస్తోందని వచ్చింది. కొత్త ఇల్లు కదా, దానికి అలవాటవ్వాలన్నాడు. ఆ తర్వాత వచ్చి, మిషను తీసేసుకోండి, నా గాజులు నాకిచ్చెయ్యండి అంది. నాన్నకి దీనికో శాస్త్రం ఉంది. వాడిన వస్తువు కొన్నవాళ్ళకి కొన్నాళ్ళు కడుపులో తిప్పుతుందట, తర్వాత అదే సర్దుకుంటుందట. అంతవరకూ అమ్మినవాడు నవ్వుతూ ఉండాలి, టీ ఇవ్వాలి, మాట మార్చాలి. టీ ఇచ్చాడు. యుద్ధం కబుర్లు చెప్పాడు. పంపించేశాడు.

గుమ్మం దిగుతూ అక్క నా చెయ్యి పట్టుకుంది.

"సత్తీ, నవ్వనంటే ఒకటి సెప్తాను."

దీపాలు పెట్టే వేళకి మిషను తనంతట తానే నడుస్తోందట. తెల్లగుడ్డ. అది అక్క కొన్నది కాదు. పసిబిడ్డ చొక్కా. రోజూ కొంచెం కొంచెం. చేతులు అయిపోయాయి. పక్కలు అయిపోయాయి. తీసి పారేద్దామంటే సూది దిగి ఉంది, పైకి రాదు. గుడ్డని కత్తెర కొరకదు. కృపారావు బావకి చెబితే, నెలల మీద ఉన్నావు, అలాగే ఉంటుందన్నాడట.

"ఇప్పుడు మెడ కుడతంది. అంచు కాదే... మెడ మూసేస్తంది." అక్క గొంతు ఇంకా తగ్గింది. "అది నడిసినంతసేపూ నా కడుపులో బిడ్డ కదల్దు. మెడ మొత్తం మూసుకుపోతే..."



వెంటనే నాన్నకి చెప్పాను. అదంతా నేనే ఆ పిల్ల బుర్రలోకి ఎక్కించి ఉంటానన్నాడు. ఒట్టు పెట్టాను. మా ఇంట్లో నా ఒట్లు చెల్లవు.

మర్నాడు సాయంత్రం వాన. యుద్ధం రోజులు, కలైకుండా విమానాల స్థావరం పక్కనే, అందుకని సందె పడితే వెలుతురు బయటికి కనిపించకూడదు. కిటికీలకి నల్ల కాగితాలు. లైనంతా బావిలోకి దిగినట్టుంది. కృపారావు బావ డ్యూటీ మీద టాటానగర్ వైపు వెళ్ళాడు. నేనే వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. తగ్గించిన లాంతరు. తడిసిన బొగ్గు వాసన. దూరంగా యార్డులో వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. కాసేపటికి మిషను నూనె వాసన వచ్చింది. దాని వెనకే ఇంకొకటి... పెద్దమ్మ తలకి రాసుకునే ఆముదం.

టక్.

అక్క నా దగ్గరికి జరిగింది.

టక్... టక్... టక టక టక.

లాంతరు ఎత్తాను. పెడలు ఊగుతోంది. దాని మీద కాళ్ళు లేవు. సూది కింద చిన్న తెల్లచొక్కా మెల్లగా జరుగుతోంది. మెడలో వేలు దూరేంత సందే మిగిలింది.

"ఆగిపోనాది..." అక్క రెండు చేతులతో కడుపు పట్టుకుంది. "కదల్దు, సత్తీ..."

కొత్త బెల్టుని పట్టి లాగాను. తెగింది. పెడలు ఆగిపోయింది. పై చక్రం మాత్రం... తిరుగుతూనే ఉంది. దేనికీ తగిలించి లేకుండా.

దానికి దాని పలుపు కావాలి. అప్పుడు నాకు తోచింది అదొక్కటే. వానలో మా ఇంటికి పరిగెత్తి మేకు మీద బెల్టు లాక్కున్నాను. ఇప్పుడేటి వేషమే గుంటా అని అమ్మ అంటూనే ఉంది. వెనక్కి వచ్చేసరికి సందు వేలు కాదు, గోరు పట్టేంతే ఉంది. బెల్టు ఒక కొసని మిషను మెడకి ముడేశాను. రెండో కొస నా గుప్పిట్లో పట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగి ఒక్క పశువునీ తోలలేదు నేను.

"పెద్దమ్మా... ఇంటికెళ్దాం, రా."

చక్రం ఆగింది.

ఆ ఇనుప కాళ్ళ కింద చిన్న చిన్న చక్రాలుంటాయి. అయినా గడప దాటించాలంటే ఇద్దరు మగవాళ్ళు ఎత్తాలి. నేను వెనక్కి తిరక్కుండా నడిచాను. గడప దగ్గర ఒకసారి దడేలుమంది. తర్వాత కంకర మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు. వాన. చీకటి. ఒక్క ఇంట్లోనూ వెలుగు లేదు. బలమంతా పెట్టి లాగుతున్నాననే అనుకున్నాను. లైను మలుపులో చేతిలోని బెల్టుని తడిమి చూసుకున్నాను.

వదులుగా ఉంది.

నేను లాగడం లేదు...

అడుగు పెంచాను. వెనక చక్రాలూ పెంచాయి. ఆగాను. ఆగాయి. నా మెడ వెనక ఆముదం వాసన. వెచ్చగా.

మా వరండాలోకి ఎలా ఎక్కిందో నాకు తెలీదు. నాన్న తలుపు తీసేసరికి దాని పాత చోట్లో అది ఉంది, పక్కన నేను నీళ్ళోడుతూ ఉన్నాను. సూది కింద చొక్కా లేదు. తెల్లారాక లైనంతా వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఎగతాళి కోసం అంత ఇనుముని ఒక్కత్తీ ఈడ్చుకొచ్చిందంటే ఇది మామూలు గుంట కాదన్నారు. నాన్న తిట్టాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడు ఇంకా నవ్వారు. కడుపుతో ఉన్న పిల్ల ఉసురు మనకెందుకని అమ్మ గాజులు తిరిగిచ్చేసింది. మిషను గడప దాటిన ఆ రాత్రే బిడ్డ మళ్ళీ కదిలిందట. దసరా వెళ్ళాక ఆడపిల్ల పుట్టింది. నిక్షేపంలా ఉంది.

అమ్మ బెల్టుని మళ్ళీ మిషనుకి తగిలించింది. ఎద్దు ఇంటికొచ్చాక పలుపు మేకుకెందుకంది.

నిన్న సందె వేళ వరండాలోకి వెళ్తే సూది కింద తెల్లగుడ్డ కనిపించింది. రవిక. చేతులు అయిపోయాయి. పక్కలు అయిపోయాయి. ఎడం భుజం కొంచెం దిగి ఉంది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డాక నా ఎడం భుజం అలాగే దిగి ఉంటుంది. పెద్దమ్మకి అది తెలుసు. ఆవిడ పోయాక నేను ఒళ్ళు చేశాను. రవిక ఇప్పటి నా కొలతకే ఉంది.

అమ్మని పిలిచాను. వంటింట్లోంచే నవ్వింది.

"ఈసారి నీకేనా? నాకూ ఒకటి కుట్టమను."

బెల్టు విప్పి ఎక్కడైనా పారేద్దామని చెయ్యి పెట్టాను. బెల్టు లేదు. మేకుకీ లేదు. ఇల్లంతా వెతికాను. లేదు.

పొద్దున్న నిద్ర లేచేసరికి అది నా మెడలో ఉంది.

వదులుగానే ఉంది.