నాలుగు వేళ్ళ వంకర

పొద్దున ఏడింటికి గట్టుపల్లి ప్రాజెక్టు కాలనీ అంతా వీధిలోనే ఉంది. అది గోడలు గంజి తాగే వేళ. ఇళ్ళు పునాదుల పక్కనున్న గొట్టాల్లోంచి సున్నపు గంజి పీల్చుకుంటున్నంతసేపు మనుషులు బయట నిలబడాలి. తడి గోడకు ఒళ్ళు తగిలిందంటే గోడ మీద అక్కడ పొక్కు లేస్తుంది. ఇరుగుపొరుగు ముఖాలు చూసుకునేది ఆ అరగంటే కనుక, పెళ్ళిసంబంధాలూ అత్తాకోడళ్ళ తగువులూ అన్నీ అప్పుడే తేలుతాయి.

ఈ అలవాటు వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ప్రాణసిమెంటులో కంటికి ఆనని జీవులుంటాయి. పగులొస్తే పూడుస్తాయి, లోపలి ఇనుముకు తుప్పు పడితే తినేస్తాయి. ఏ గోడ ఎలా ఉండాలో వాటికి చెప్పేది మూలపటం, అంటే కట్టేముందు గీసిన నక్షా. నక్షాలో లేనిది ఏదైనా సరే వాటికి పుండుతో సమానం, మాన్పేదాకా నిద్రపోవు. పాతకాలపు కట్టడాల్లోకి ఈ జీవులను ఎక్కించడాన్ని జనం వేళాకోళంగా ప్రాణప్రతిష్ఠ అంటారు. ఆ పని చేసేవారు నిర్మాణ వైద్యులు. అలివేలు ఆ వైద్యంలో పేరున్న మనిషి. ఇరవై ఏళ్ళలో ఒక్క కట్టడం కూడా ఆమె చేతిలో చెడలేదు. ఆ సంగతి నలుగురికీ తెలియాలని ఆమెకు కాస్త ఉబలాటం కూడా ఉంది.

ఈసారి రోగి ఆమె సొంత ఊరైన గట్టుపల్లి చాటహాలు. నూటనలభై ఏళ్ళ కిందట ఆనకట్ట కడుతున్నప్పుడు పాలమూరు కూలీలే పోసిన సభామందిరం అది. బోర్లించిన చాటలాంటి కాంక్రీటు కప్పు. మందం నాలుగంగుళాలు దాటదు. నాలుగు మూలలా నాలుగు కాళ్ళ మీద నిలబడింది, లోపల ఒక్క స్తంభం లేదు. ఆ రోజుల్లో ఇనుము కరువు, ధైర్యానికి మాత్రం కరువు లేదు.

అయితే ఊరికి పేరు తెచ్చింది కప్పు కాదు, మూలలు. తూర్పు మూలలో గోడ వైపు తిరిగి గుసగుసలాడితే డెబ్బై అడుగుల అవతల పడమటి మూలలో చెవి దగ్గర చెప్పినట్టు వినిపిస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళకు ఏమీ వినపడదు. ఇది హాలు గీసిన శిల్పి మేధస్సు అని గుమ్మం పక్కన పలక చెక్కించారు. జనం మాత్రం దాన్ని తమ పనికి వాడుకున్నారు. మాటలు లేని ఇద్దరిలో తప్పు చేసిన మనిషి తూర్పు మూలలో కూర్చుని ఒక్కసారి చెప్పుకోవాలి. రెండోవారు పడమట కూర్చుని వినాలి. మనసొప్పితే లేచి హాలు దాటి వెళ్ళాలి. ఒప్పకపోతే పడమటి తలుపు తీసుకుని వెళ్ళిపోవాలి. ఎటైనా సరే, మూలన చెప్పిన మాటను మళ్ళీ చెప్పమని జన్మలో అడగకూడదు.

గంజి వేళ ముగిశాక అలివేలు హాల్లోకి వెళ్ళి, గోడల లోపలిదంతా చూపే పొరచూపు అద్దాన్ని కప్పు వైపు తిప్పింది. నక్షాకు, కప్పుకు వెంట్రుకంత తేడా లేదు. మూడు రోజుల కిందట ప్రాణం ఎక్కించినప్పుడు నడినెత్తిన నాలుగు వేళ్ళు కుంగి ఉండేది. ఇప్పుడు చక్కగా లేచింది.

"ఏం బిడ్డా, మంచిగయిందా?" అంటూ బాలకిష్టమ్మ వచ్చింది. హాలు తాళాలు మూడు తరాలుగా ఆమె ఇంట్లోనే ఉన్నాయి. ఆమె ముత్తాత ఈ కప్పు పోసిన రోజు తట్ట మోశాడు.

"కొత్తదాని లెక్కయింది పెద్దమ్మా. ఇగ ఇరవై ఒక్క దినాలు పురుడు. ఎవ్వరిని లోపటికి రానియ్యకు. కప్పు నడుమ కుంగితే అది గూడ సరిజేసిన."

"అయ్యో, అదా! స్లాబు పోసే నాడు కింద సెంట్రింగు కర్ర జారిందంట. నడుమ ఆపితే అతుకు పడ్తదని మేస్త్రి అట్లనే పోయించిండంట. పొద్దుమీకి అందరికి బెల్లం పాశం పెట్టిచ్చి, ఎవ్వరికి చెప్పొద్దని అందరితోటి ఒట్టు పెట్టిచ్చుకుండంట." బాలకిష్టమ్మ నవ్వి, గొంతు తగ్గించింది. "కుర్మన్న ఒప్పుకుండు. పగటీలికి ఒస్తడంట. తూర్పు మూలకు."

అలివేలు అద్దాన్ని కిందికి దించింది. కుర్మన్న ఆమె అన్న. పదకొండేళ్ళుగా మాటల్లేవు. తల్లి పోయిన రోజు అలివేలు విశాఖ రేవులో పనిలో ఉంది. బయల్దేరానని, నాలుగు గంటల్లో చేరతానని కబురు పంపింది. వచ్చేసరికి చితి ఆరిపోతోంది. ఆ నాలుగు గంటలు ఎందుకు ఆగలేదో కుర్మన్న చెప్పలేదు. చుట్టాలందరి ముందూ "నువ్వు నాకు అన్నవే కాదు" అని అరిచి ఆమె వెళ్ళిపోయింది. తల్లి ముఖం ఆఖరిసారి చూడలేదన్న బాధ ఒక ఎత్తు, ఎందుకన్నది తెలియకపోవడం ఇంకో ఎత్తు. ఈ ఊరి పనిని అడిగి మరీ తీసుకున్నది అందుకే.

"పురుట్ల ఎట్ల రానిస్తవు మరి?" అంది బాలకిష్టమ్మ.

"వైద్యురాలిని నేనే గదా."

పన్నెండున్నరకు కుర్మన్న వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చెల్లెలి వైపు చూడకుండా తూర్పు మూలకు నడిచి, రాతిబల్ల మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అలివేలు పడమటి మూలలో కూర్చుంది. చెవి రిక్కించింది.

ఏమీ వినిపించలేదు.

తన ఊపిరి తనకే వినిపిస్తోంది, అంతే. మాటలు కూడదీసుకుంటున్నాడేమో అనుకుంది. ఐదు నిమిషాలు గడిచాయి. నోరు విప్పడానికి కూడా మనసు రాలేదా అని ఒళ్ళు మండింది. ఆపుకోలేక వెనక్కి తిరిగి చూసింది.

కుర్మన్న మాట్లాడుతున్నాడు. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. ఒక చెయ్యి గాలిలో ఏదో చెప్పి, ఒళ్ళో పడిపోయింది. నుదురు గోడకు ఆనించి మాట్లాడుతూనే ఉన్నాడు.

అలివేలు తలెత్తి కప్పు చూసింది. నక్షాలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. మాటను మోసింది ఆ నక్షా కాదని అప్పుడు తెలిసింది. నూటనలభై ఏళ్ళు ఈ మూల మాట ఆ మూలకు చేరవేసింది జారిన కర్ర, మేస్త్రి దాచిన నాలుగు వేళ్ళ వంకర. శిల్పి మేధస్సని తానూ నమ్మింది. మూడు రోజుల కిందట తన చేత్తోనే దాన్ని మాన్పేసింది.

"అన్నా, ఆగు" అనబోయి, అంత దూరం నుంచి అరవడం ఇష్టంలేక ఆగింది. లేచి హాలుకు అడ్డంగా గబగబా నడిచింది. వినిపించడం లేదని చెప్పాలి, మొదటి నుంచీ చెప్పమనాలి. ఆమెకు ఇంకేమీ తోచలేదు.

అడుగుల చప్పుడుకు కుర్మన్న తిరిగాడు. ఎదురుగా హాలు దాటి వస్తున్న చెల్లెలిని చూసి నిలువునా లేచాడు. ఆ ముఖం చూశాక అలివేలుకు తానేం చేసిందో అర్థమైంది. ఈ హాలులో లేచి ఇటు నడవడానికి ఒకటే అర్థం.

"ఒచ్చినవా చెల్లే?" అన్నాడు. "గంత ఇన్నంక గూడ ఒచ్చినవా?"

ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. "నువ్వు తలుపు తీస్కోని పోతవనుకున్న. పోయినా నీది తప్పు గాదు. అంత ఇన్నవు గదా? ఏదీ ఇడిసిపెట్టలే నేను."

పదకొండేళ్ళు ఎదురుచూసిన మాట ఆమెకు చేయిదూరంలో ఉంది. నిజం చెబితే కుర్మన్న ఇంకోసారి చెబుతాడేమో. లేదా ఆ చేతులు వదిలేసి, వచ్చిన దారినే పోతాడేమో. అరచేతుల్లో అతని కన్నీళ్ళు వెచ్చగా తగిలాయి. ఆమెకు కోపం ఎక్కడుందో వెతికినా దొరకలేదు.

"ఇన్న అన్నా" అంది. "అంత ఇన్న."

రేపు అన్నానికి రమ్మని, వదిన తొవ్వ చూస్తుంటుందని రెండుసార్లు చెప్పి కుర్మన్న వెళ్ళాడు. వచ్చినప్పటికంటే నడక తేలికపడింది.

అలివేలు అద్దంలో మూలపటం తెరిచింది. పాత కొలతలు భద్రంగానే ఉన్నాయి. నడినెత్తిన నాలుగు వేళ్ళ కుంగును నక్షాలోకి ఎక్కించింది. "ఇది లోపం. ఖాయమేనా?" అని అడిగింది అద్దం. ఖాయమని నొక్కింది. పురుడు వెళ్ళేసరికి వంకర తిరిగొస్తుంది. మూలలు మళ్ళీ పలుకుతాయి, కుర్మన్నకు ఎప్పటికీ తెలియదు. అతనేం చెప్పాడో ఆమెకూ తెలియదు.

తాళం వేసేముందు తూర్పు మూలకు వెళ్ళి, అన్న కూర్చున్న చోట కూర్చుంది. అతను నుదురు ఆనించిన చోట పురుటి తడి ఆరని గోడ మీద అరచేయంత పొక్కు లేచింది. నక్షాలో లేదు కనుక రెండు రోజుల్లో మానిపోతుంది. అలివేలు దాన్ని తాకకుండా కాసేపు చూసి, అద్దం తీసి, ఆ పొక్కును కూడా మూలపటంలోకి ఎక్కించింది.