నూట ఎనభై రెండో మీటర్

మధ్యాహ్నం మూడుంబావుకి ఫోన్ మోగింది.

"ఎండ మండిపోతోంది," అన్నాడు చీఫ్.

"గొడుగు తెచ్చాను," కోడ్ పూర్తిచేశాడు బల్లి. గోడలెక్కడంలో ఉన్న నేర్పుకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది.

"డ్యామ్ కంట్రోల్ రూమ్ నుంచి గేట్లకెళ్ళే ఫైబర్ కేబుల్‌కి విదేశీ ముఠా మధ్యలో ఒక పెట్టె అతికించింది. నాలుగింటికి గేట్లన్నీ లేపేస్తుంది. గేట్ల దగ్గరికి చేరాలంటే గంట పడుతుంది. ఆ పెట్టెకి అవతల, గేట్ల వైపు తెంపితేనే ఆగుతుంది. ఆ అతుకు పట్టుకో."

బల్లి టూల్ బ్యాగ్ అందుకున్నాడు. డ్యామ్ కింది ఊళ్ళోనే వాళ్ళక్క కాపురం.

ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో దూరాడు. అక్కడి నెట్‌వర్క్ ప్లానర్ ముఠాలో ఉంటూనే డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. చూపు తిప్పుకోనివ్వని అందం. ఈ కేబుల్ ప్లాన్ గీసింది కూడా ఆమే.

బల్లి మీటర్ తగిలించాడు. అది కేబుల్లోకి కాంతి పంపి, అతుకు ఎంత దూరంలో ఉందో చెబుతుంది. 212 మీటర్లు.

ఆమె ప్లాన్ మీద వేలు పెట్టింది. "పంప్ హౌస్! పరిగెత్తండి!"

ప్లాన్ లాక్కుని పరిగెత్తాడు. పంప్ హౌస్‌లో కేబుల్ వెళ్ళే ఇనుప గొట్టం మీద గీత కూడా లేదు. మూడూ యాభై రెండు. కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. ఈ ఉద్యోగానికి ముందు ఆరేళ్ళు కేబుల్ లాగిన మనిషి! తన మీద తనకే ఒళ్ళు మండింది. లాగేవాడు ప్రతి జంక్షన్ బాక్స్‌లో పది మీటర్లు చుట్ట చుట్టి వదులుతాడు, రేపు తెగితే అతకడానికి. ప్లాన్‌లో ఆ చుట్ట ఉండదు. దారిలో బాక్సులు మూడు. ముప్పై తీసేస్తే నూట ఎనభై రెండు.

ప్లాన్‌లో నూట ఎనభై రెండు దగ్గర ఆమె గదే ఉంది.

తలుపు తన్నాడు. బీరువా వెనక పెట్టె మినుకుమంటోంది. ఆమె చేతిలో పిస్టల్.

"పంప్ హౌస్‌కెళ్ళమన్నానుగా!"

"వెళ్ళొచ్చాను మేడం. మీరెప్పుడూ కేబుల్ లాగలేదు కదూ?"

టూల్ బ్యాగ్ ఆమె మణికట్టు మీదికి విసిరాడు. పిస్టల్ ఎగిరిపడింది. పెన్నులోంచి కట్టర్ లాగి, గేట్ల వైపు కేబుల్‌ని కసుక్కున తెంపాడు. గోడ గడియారం నాలుగు కొట్టింది. కిటికీలోంచి చూస్తే దూరాన గేట్లు కదల్లేదు. బల్లి కళ్ళు చెమర్చాయి.

గార్డులు ఆమెను తీసుకెళ్ళారు. ఫోన్ మోగింది.

"శభాష్!" అన్నాడు చీఫ్. "ఇక సెలవు తీసుకుని హాయిగా మీ అక్క దగ్గరికెళ్ళు. ముందు ఆ తెంపిన కేబుల్ అతికించి వెళ్ళు. డిపార్ట్‌మెంట్‌లో ఆ పని వచ్చినవాడివి నువ్వొక్కడివే."