మూడాకుల పప్పు

సూర్యకుమారి కాఫీ గ్లాసుతో బాల్కనీ తలుపు తెరిచేసరికి, కోడలు రెండేళ్ళుగా కంటికి రెప్పలా కాచుకుంటున్న కుండీలో ఒక్క ఆకు కూడా మిగల్లేదు.

నిన్న సాయంత్రం ఆ కుండీకి నీళ్ళు పోసింది తనే. అప్పుడు మూడేసి ఆకుల గుత్తులు అంచులు దాటి పొంగుతున్నాయి. ఇప్పుడు పొట్టి కాడలు మాత్రం నిక్కపొడుచుకుని నిలబడ్డాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. పిట్టలు పొడిచినట్టు లేదు. పురుగు తిన్నట్టూ లేదు. అన్ని కాడలూ ఒకే ఎత్తున, కత్తెరతో కోసినట్టు తెగి ఉన్నాయి.

గ్లాసు పక్కన పెట్టింది. ఇవాళ ఏ రోజో ఆవిడకు తెలుసు.

కోడలు ఊనాది ఐర్లాండ్. మస్కట్‌లో టీచరుగా పనిచేస్తూ సూర్యకుమారి కొడుకు జయదేవ్‌ను పెళ్ళాడి ఇక్కడే స్థిరపడింది. వాళ్ళకు ఒక్కతే కూతురు, మనూ అని పిలుచుకునే మనస్విని. కాకినాడ నుంచి వచ్చే అత్తగారితో మాట్లాడాలని పట్టుబట్టి తెలుగు నేర్చుకుంది. మార్చి పదిహేడున వాళ్ళ సెయింట్ పాట్రిక్ పండగ. ఆ పొద్దున వాళ్ళ ఊళ్ళో తల్లి గట్టు మీద షామ్రాక్ అనే ఈ మూడాకుల మొక్క రెబ్బలు కోసుకొచ్చి, పిల్లల బట్టలకు గుండె దగ్గర పిన్నుతో గుచ్చి చర్చికి తీసుకెళ్తుంది. దూరాన ఉన్న పిల్లలకు చిన్న పెట్టెలో తడి నాచు పరిచి, ఆకులు పెట్టి పోస్టులో పంపుతుంది. ఊనాకు ఏటా ఆ పెట్టె వచ్చేది. రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, తమ గట్టు మీది విత్తనాలు తెచ్చి తన చేత్తోనే ఈ కుండీలో చల్లి వెళ్ళింది. పోయిన నవంబరులో ఆవిడ కన్నుమూసింది. ఇక పెట్టె రాదు. మిగిలింది ఈ కుండీ. ఎండాకాలం దాన్ని హాల్లోకి చేర్చి, ఇంటికి తాళం వేసి వెళ్ళినా దానికోసం ఏసీ నడిపేది ఊనా.

సూర్యకుమారిని కలవరపెట్టింది ఆకులు కాదు. జనవరిలో తను వచ్చిన కొత్తలో పక్కగదిలోంచి విన్న మాట. హోటల్లో పార్టీలు నడిపించే జయదేవ్, ఒమాన్ జాతీయ దినోత్సవం డిన్నర్లు ఉన్నాయని ఊనా తల్లి అంత్యక్రియలకు వెళ్ళలేదు. "ఇంకోసారి నీ హోటల్ కోసం మా అమ్మని పక్కకు నెడితే, నేను మనూని తీసుకుని మా ఊరు వెళ్ళిపోతాను" అంది ఊనా. అరవలేదు. అందుకే సూర్యకుమారికి అంత భయం వేసింది.

కిందికి దిగింది. మస్కట్ శివార్లలోని అల్ హైల్ వీధులు సెలవురోజు శుక్రవారం పొద్దున నిద్రమత్తులో ఉన్నాయి. వాచ్‌మన్ లింబాద్రి బకెట్టు పక్కన పెట్టుకుని కార్లు తుడుస్తున్నాడు. నిర్మల్ దగ్గర పల్లె నుంచి వచ్చినవాడు.

"లింబాద్రీ, పొద్దున్నే మా ఇంటికి ఎవరైనా వచ్చారా?"

"ఎవల్లు రాలే అమ్మా. ఏమన్న పోయిందా?"

"ఏం పోలేదులే. ఊరికే అడిగాను."

"సార్ ఒక్కడే దిగిండు. ఇయ్యాల జుమ్మా గదా, ఛుట్టీ లేదా సార్ అన్న. హోటల్ల పండుగ ఉన్నది, డ్యూటీ అన్నడు. చేతుల ఐస్ డబ్బా ఉండె. నేను పట్టుకుంట అంటే ఇయ్యలే. చంటిపోరన్ని పట్టుకున్నట్టు పట్టుకొని ముందటి సీట్ల పెట్టుకుండు."

సూర్యకుమారికి రాత్రి భోజనాల దగ్గర కొడుకు గొణుగుడు గుర్తొచ్చింది. పండగకి ఐర్లాండ్ నుంచి తెప్పించిన ఆకుల పార్సిల్ కుళ్ళిపోయి దిగిందని, మేనేజర్ తన పీక మీద కూర్చున్నాడని అన్నాడు. అప్పుడు ఊనా పాప గౌను ఇస్త్రీ చేస్తోంది. వినిపించుకోలేదు.

మెట్ల మీదే నిలబడి ఫోన్ చేసింది.

"జయా, కుండీ సంగతి."

"ఊనా చూసిందా?"

"ఇంకా లేవలేదు. ఎంత పని చేశావురా."

"అమ్మా, అది తోటకూర లాంటిదే. మళ్ళీ చిగురిస్తుంది. నేను భోజనానికి వచ్చి ఏదో ఒకటి చెబుతాను."

"ఏం చెబుతావు?"

"పక్కింటి పిల్లి అంటాను."

"పిల్లికి కత్తెర ఎక్కడిదిరా?"

ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ పైకి వచ్చేసరికి ఊనా బాల్కనీలో ఉంది. ఒక చేతిలో పిన్ను, రెండో చేతిలో ఆకుపచ్చ గౌను వేసుకున్న ఎనిమిదేళ్ళ మనస్విని చెయ్యి. కుండీ వైపే చూస్తోంది. ఏడవడం లేదు.

"ఎవరు?" అంది.

విమానం, ఊనా పుట్టిన ఊరు గాల్వే, ఈ ఇంట్లో కొడుకు ఒక్కడే. అన్నీ సూర్యకుమారి కళ్ళ ముందు తిరిగాయి. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నేనేనమ్మా. మా పెరట్లో పులిచింతాకు అచ్చం ఇలాగే ఉంటుంది, మూడాకులు. పప్పులో వేస్తాం. ఇదీ అదే అనుకుని కోసేశాను."

"నానమ్మా, నీకు తెలుసు కదా" అంది మనస్విని. "గ్రానీ మొక్క అని నువ్వే నాతో చెప్పావు."

"కళ్ళజోడు పెట్టుకోలేదమ్మా. పొద్దున్నే మసకగా ఉంది."

ఊనా మోకాళ్ళ మీద కూర్చుని తెగిన కాడలను ఒకసారి అరచేత్తో నిమిరింది. లేచి, పిన్ను తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. అత్తగారి మొహం చూడకుండానే, "చర్చికి టైమైంది, మనూ" అంది.

తలుపు మూసుకున్న చప్పుడు చాలా చిన్నగా వినపడింది. సూర్యకుమారికి విసిరికొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అబద్ధం ఆడాక పప్పు వండక తప్పదు. ఫ్రిజ్‌లో పాలకూర కట్ట తీసి, ఆకు ఆకారం తెలియకుండా సన్నగా తరిగింది. పులిచింతాకు పుల్లగా ఉంటుంది కాబట్టి చింతపండు రెండు రెబ్బలు ఎక్కువ పిండింది. పోపు వేస్తుంటే నూనె చింది చెయ్యి కాలింది. పట్టించుకోలేదు.

జయదేవ్ ముందు వచ్చాడు. చొక్కా జేబుకి హోటల్ వాళ్ళ ఆకుపచ్చ టోపీ బొమ్మ బిళ్ళ వేలాడుతోంది.

"నేనే కోశానని చెప్పేశాను. నువ్వు నోరు మెదపకు."

"ఎందుకమ్మా అలా చెప్పావు?"

"నా మీద కోపం వస్తే మహా అయితే నేను కాకినాడ పోతాను. నీ మీద కోపం వస్తే ఎవరు పోతారో నీకు తెలుసు. ఆ బిళ్ళ తీసెయ్యి ముందు."

అతను బిళ్ళ తీశాడు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో తాళం తిరిగింది.

ఊనా కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ మొహం తేటగా ఉంది. చేతులు కడుక్కుని వచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, ఆ పప్పు ఉందా?"

సూర్యకుమారి పప్పుగిన్నె తన వైపు జరుపుకుంది. "ఎందుకమ్మా?"

"వడ్డించండి. అందరికీ." ఊనా మాటలు కూడదీసుకుంటూ చెప్పింది. "చర్చిలో అందరూ ప్లాస్టిక్ ఆకులు పెట్టుకున్నారు. ఒకావిడ నాకూ ఒకటి ఇచ్చింది. వద్దన్నాను. నాకు మీ మీద చాలా కోపం వచ్చింది. తర్వాత ఆలోచించాను. అత్తయ్య దాన్ని పారెయ్యలేదు, బజారులో పెట్టలేదు. ఇంట్లోవాళ్ళ కోసం వండింది. మా అమ్మకి తెలిస్తే కడుపు పట్టుకుని నవ్వేది. కరువు రోజుల్లో మావాళ్ళు ఇది తిన్నారని మా అమ్మమ్మ చెప్పేది. అందుకని తిందాం. మా అమ్మ నాటింది కదా."

సూర్యకుమారి గిన్నె మూత తీసింది. నాలుగు కంచాల్లోనూ వడ్డించింది. ఆవిడ కొడుకు వైపు చూడలేదు. ఊనా పప్పన్నం కలిపి చిన్న ముద్ద చేసింది. కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో నుదుటి మీదా గుండె మీదా శిలువ గీసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత ఆ ముద్ద మనస్విని నోటి దగ్గర పెట్టింది.

"గ్రానీ పంపింది. తిను."

"ఊనా, ఆగు." జయదేవ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "అది పాలకూర."

"జయా" అంది సూర్యకుమారి.

"నువ్వు ఊరుకో అమ్మా." అతను తల దించుకోలేదు. "ఊనా, అమ్మ ఏ ఆకూ కోయలేదు. నేను కోశాను. మీరు లేవకముందే, పాప కాగితాలు కత్తిరించుకునే కత్తెరతో. అసలైన షామ్రాక్ పెడతామని చెప్పి హోటల్‌వాళ్ళు పార్టీకి టికెట్లు అమ్మారు. తెప్పించినవి కుళ్ళిపోయాయి. నన్నెవరూ మీ ఇంట్లో ఉందా అని అడగలేదు. నేనే చెప్పాను, మా ఇంట్లో ఉంది సార్ అని. మేనేజర్ భుజం తట్టాడు. నాకు గొప్పగా అనిపించింది."

ఊనా ముద్దను కంచంలో పెట్టేసింది. "ఇప్పుడు ఎక్కడ?"

"వెండి పళ్ళెంలో పెట్టి ఫొటో తీశారు. ఫొటోలో కొత్తిమీరలా ఉన్నాయన్నారు. ప్లాస్టిక్‌వి తెచ్చి పెట్టారు, పెద్దవి, నాలుగాకులవి. ఇవి చెత్తబుట్టలో పడేశారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట కూడా అనలేదు." జేబులోంచి తడి రుమాలు తీసి విప్పాడు. "వాళ్ళు వెళ్ళాక చెయ్యి పెట్టి వెతికాను. ఇదొక్కటే ఏరగలిగాను."

రుమాలులో కాఫీ పొడి అంటుకున్న చిన్న రెబ్బ. మూడాకులూ వాడి వేలాడుతున్నాయి.

ఊనా దాన్ని చూసింది. తర్వాత సూర్యకుమారి చేతి మీద బొబ్బను చూసింది. "మీరు ఎందుకు అత్తయ్యా?"

సూర్యకుమారి దాచుకున్న కన్నీళ్ళు ఇక ఆగలేదు. "నువ్వు వెళ్ళిపోతావని భయమేసిందమ్మా."

కుర్చీ వెనక్కి జరిగింది. ఊనా లేచింది. ఆమె గదిలోకి వెళ్ళలేదు. సూట్‌కేసు తియ్యలేదు. టేబుల్ చివరన పొద్దున వదిలేసిన పిన్ను తీసుకుని, అతని ముందు పెట్టింది. రెండో చేతిని అత్తగారి భుజం మీద వేసి అక్కడే ఉంచింది.

"నాతో చెప్పావు. నేను ఇంకా చాలా అడుగుతాను, కానీ ఇక్కడే ఉండి అడుగుతాను" అంది. "మా ఇంట్లో ఆకు గుచ్చేటప్పుడు, అది ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలకి చెబుతారు. మనూకి చెప్పి గుచ్చు."

జయదేవ్ కుర్చీ దిగి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెబ్బను నీళ్ళలో ముంచి కాఫీ పొడి కడిగాడు. ఆకుపచ్చ గౌను మీద దాన్ని పిన్నుతో గుచ్చుతూ చెప్పాడు.

"మనూ, ఇది గ్రానీ వాళ్ళ గట్టు మీది ఆకు. గ్రానీ విత్తనాలు తెచ్చింది. అమ్మ పెంచింది. నానమ్మ నీళ్ళు పోసింది. నానమ్మ కోయలేదమ్మా, నా కోసం అబద్ధం చెప్పింది. నాన్న దొంగతనం చేశాడు."