నెప్ట్యూన్‌లో ఈల వెయ్యరు

స్కార్విక్ రేవులో నెప్ట్యూన్ థియేటర్ అని ఒకటుండేది. దాని వేదిక మీద ఎడమవైపు, పక్కతెరకి నాలుగడుగుల దూరంలో ఒక చోటుంది. అక్కడ ఎవరూ నిలబడరు.

ఊడ్చేవాడు కూడా ఆ చోటు దాకా వచ్చి చీపురు చుట్టూ తిప్పుకుని పోతాడు. మిగతా నేలంతా బూట్ల రాపిడికి అరిగి తెల్లబడింది. అక్కడ మాత్రం చెక్క నల్లగా, నున్నగా... కొత్తగా వేసినట్టు ఉంటుంది. నలభై రెండేళ్ళుగా దాన్ని తొక్కినవాళ్ళు లేరు మరి.

ఆ థియేటర్లో ఇంకో కట్టడి కూడా ఉంది. లోపల ఎవరూ ఈల వెయ్యకూడదు. వినడానికి మూఢనమ్మకంలా ఉంటుంది గానీ దానికో కారణముంది. వేదికకి పైన, నలభై అడుగుల ఎత్తున ఒక అటక. బొమ్మల తెరలన్నీ ఇనప గొట్టాలకి కట్టి అక్కడికి లాగి ఉంచుతారు. ఆ తాళ్ళ మీద పనిచేసేవాళ్ళు పూర్వం ఓడల్లో తెరచాపలు దించినవాళ్ళు. కింద నుంచి మేస్త్రీ ఈల వేస్తే తాడు వదలాలి. అదీ లెక్క. ఈల వినపడితే ఆలోచించరు. చేతులు వాటంతటవే విడిపోతాయి. తరవాత్తరవాత ఈల బదులు చిన్న చిన్న దీపాలు వచ్చాయి, ఆ దీపాల గురించి చెప్పాలంటే మళ్ళీ అదో పురాణం. కట్టడి మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఇదంతా ఆగ్నెస్ చెప్పింది. నటి డోర్కస్ త్రెల్ఫాల్‌కి ముప్ఫై ఏళ్ళు బట్టలు తొడిగిన మనిషి ఆగ్నెస్. డోర్కస్ ఆ చోట కాలు పెట్టిన రాత్రి ఏం జరిగిందో కళ్ళారా చూసింది ఆవిడొక్కతే.

డోర్కస్‌ది ఆ రేవే. తల్లి హెర్రింగ్ చేపల కడుపులు కోసి ఉప్పులో వేసే కూలిమనిషి. పదహారో ఏట పిల్ల నెప్ట్యూన్‌లో చేరింది — పెద్ద నటి లియొనోరా వెన్‌కి అద్దం పట్టడానికి, లేసులు కట్టడానికి, ఆవిడ జబ్బుపడితే ఆ వేషం కట్టడానికి. లియొనోరా ఎప్పుడూ జబ్బు పడలేదు. చెయ్యి మాత్రం పిల్లని కొట్టకుండా ఊరుకునేది కాదు.

పందొమ్మిది వందల పదకొండు, నవంబరు. రెండో అంకానికీ మూడో అంకానికీ మధ్య లియొనోరా చీకట్లో ఆ చోట నిలబడి మెడలో పూసలు సర్దుకుంటోంది. పైన తాళ్ళ మనిషి ఎనోక్ బారాక్లఫ్ కోట బొమ్మున్న తెరకి తాడు విప్పి పట్టుకుని, ఈల కోసం కాచుకుని ఉన్నాడు.

ఈల పడింది.

రెండు నిమిషాలు ముందుగా పడింది.

మూడు మణుగుల గొట్టం లియొనోరా నడినెత్తి మీదికి దిగింది. తల భుజాల్లోకి పోయిందని, పూసలు మాత్రం ఒక్కటీ రాలలేదని చెప్పుకున్నారు. మేస్త్రీ బైబిలు మీద చెయ్యేసి ప్రమాణం చేశాడు, తను ఈల వెయ్యలేదని. వేరెవరు వేస్తారు? థియేటర్లో పుట్టి పెరిగినవాడెవడూ వెయ్యడు. మరి ఎనోక్ నోట రమ్ము వాసన వచ్చింది. చలికి రోజూ ఒక గుక్క వేసేవాడు, అందరికీ తెలిసిందే. ఆ రాత్రి ఆ ఒక్క గుక్కే చాలింది.

"ఈల విన్నాను బాబూ... నా చెవులతో విన్నాను!" అని అరుస్తూనే ఉన్నాడట, రేవు దాకా. లియొనోరా అభిమానులు తెడ్లతో కొట్టారు. మోకాళ్ళు విరిచారు. పళ్ళు రాలగొట్టారు. ఇంకా అరుస్తున్నాడని నోట్లో తాడు కుక్కి నీళ్ళలోకి తోశారు. మూడో రోజు శవం తేలింది. తొమ్మిదేళ్ళ కొడుకు విల్ఫ్ వచ్చి, బూట్లు చూసి గుర్తుపట్టాడు. మొహంలో గుర్తుపట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఆ మర్నాడు రాత్రే లియొనోరా వేషం డోర్కస్ కట్టింది. అదరగొట్టింది. నెల తిరక్కుండా లండన్.

ఆ తరవాత ఇరవై ఏళ్ళు ఆవిడవే. మాటల్లేని సినిమాల్లో చచ్చిపోవడంలో డోర్కస్‌ని మించినవాళ్ళు లేరనేవారు. గొంతు పిసికించుకుంది, కత్తిపోట్లు తింది, రైలు కింద పడింది, గుర్రాల చేత ఈడ్పించుకుంది. తెర మీద నలభై ఒక్కసారి చచ్చిందని ఒక పత్రికవాడు లెక్క కట్టాడు. సినిమా మాట్లాడటం మొదలెట్టాక ఆవిడ గొంతులో చేపల రేవు పలికిందని పెద్ద వేషాలు తగ్గించారు. తరవాత అత్తగారి వేషాలు, తరవాత పనిమనిషి వేషాలు. తరవాత... ఫోను మోగడం మానేసింది.

యాభై ఎనిమిదో ఏట ఒక్క అవకాశం వచ్చింది. అద్దెకున్నవాళ్ళకి విషం పెట్టే ఇంటావిడ వేషం. చివరి అంకంలో ఒకడు ఆవిడ గొంతు నులిమి చంపుతాడు. నాటకం నాలుగు ఊళ్ళు తిరిగి లండన్ చేరుతుంది. మొదటి ఊరు స్కార్విక్. మొదటి థియేటర్ నెప్ట్యూన్. చావాల్సిన చోటు — ఆ చోటే.

"ఇటు రెండడుగులు జరిగి చస్తానయ్యా. చావు చావే కదా?" అంది డోర్కస్ రిహార్సల్లో.

దర్శకుడు క్రిస్పిన్ లయల్‌కి ముప్ఫై ఏళ్ళుండవు. "కిటికీ అక్కడుంది మేడమ్. వెలుగు అక్కడ పడుతుంది. మీరు చీకట్లో చస్తే జనం టిక్కెట్ డబ్బులు వెనక్కడుగుతారు."

"నలభై ఒక్కసార్లు చచ్చాను. నాకు చావు నేర్పుతావా?"

"నలభై రెండోది అక్కడ చావండి మరి. రేపు రాత్రే మొదటి ఆట. అక్కడ నిలబడనంటే చెప్పండి, మీ బదులుకి పెట్టిన ఆ కుర్రపిల్ల మీ మాటలన్నీ కంఠతా పట్టి కూర్చుంది."

డోర్కస్ ఆ నల్ల చెక్క కేసి చూసింది. కాలు లేచింది. పడలేదు.

పక్కన పనివాళ్ళు నవ్వుకున్నారు. ఒకడు పైకి చూసి కేకేశాడు: "ఏరా విల్ఫ్! ముడి గట్టిగా వేశావా, మీ నాన్న వేసినట్టు వేశావా?"

అటక మీద నుంచి యాభై దాటిన మనిషి ఒకడు కిందికి తొంగి చూశాడు.  ఎనోక్ కొడుకు. తండ్రి పని తనే చేస్తున్నాడు. జన్మలో చుక్క ముట్టలేదు. ప్రతి ముడీ మూడుసార్లు తడిమి గానీ ఇంటికి పోడు. అయినా నలభై రెండేళ్ళుగా ఊళ్ళో వాడి పేరు తాగుబోతు కొడుకే.

ఆ చూపు డోర్కస్ మీద ఆగింది. ఆవిడ తల దించుకుంది.

ఆ రాత్రి అందరూ పోయాక డోర్కస్ పోలేదు. "రేపు జనం ముందు కాలు వణికితే నా పని అయిపోయినట్టే ఆగ్నెస్. ఇవాళే ఆ చోట నిలబడి చూస్తాను. నువ్వు ఇక్కడే కూర్చో."

"రేప్పొద్దున చూసుకుందురు అమ్మగారూ. కాళ్ళు గడ్డకట్టిపోతున్నాయి."

"పొద్దున మనుషులుంటారు."

వేదిక నడుమ ఊచకి ఒకే ఒక్క దీపం. థియేటర్ మూసేశాక రాత్రంతా దాన్ని అలా వెలగనిస్తారు. దాని చుట్టూ పదడుగులు వెలుగు. అవతల పన్నెండు వందల ఖాళీ కుర్చీలు... చీకట్లో.

డోర్కస్ ఒకడుగు వేసింది.

రెండో అడుగు...

మూడోది...

నల్ల చెక్క మీద కాలు పెట్టింది. ఏమీ కాలేదు. ఊపిరి వదిలింది. ఆగ్నెస్ కేసి చూసి నవ్వబోయింది.

కిర్ర్...

పైన తాడు కదిలింది.

మళ్ళీ — కిర్ర్... అటక చెక్కల మీద అడుగులు. బరువుగా, నెమ్మదిగా. సరిగ్గా నెత్తి మీదికి వచ్చి ఆగిపోయాయి.

 డోర్కస్ పెదాలు తెల్లబడ్డాయి. పరిగెడుతుందనుకుంది ఆగ్నెస్. పరిగెత్తలేదు.

"ఎనోక్..." అంది గుసగుసగా. "నువ్వేనా?"

 పైనుంచి ఊపిరి వినపడింది. మనిషి ఊపిరే.

"నాకు తెలుసు, నువ్వొస్తావని తెలుసు. నేనే చేశాను ఎనోక్. ఆ ఈల నాదే. అప్పటికి చేరి వారమే అయింది... వీధిలో కుక్కని పిలిచానంతే. ఈల వెయ్యకూడదని నాకెవరూ..."

ఆగిపోయింది. పైన ఊపిరి కూడా ఆగింది.

"కాదు," అంది. గొంతు మారిపోయింది. చేపల రేవు గొంతు. "అబద్ధం. నువ్వే చెప్పావు మొదటి రోజున, మెట్ల మీద కూచోబెట్టి. ఇక్కడ ఈలేస్తే మనిషి చస్తాడు పిల్లా అన్నావు. నాకు బాగా తెలుసు. ఆ సాయంత్రం లేసు తెగిందని ఆ లియొనోరా దువ్వెన వెనకవైపుతో నా నోటి మీద కొట్టింది. పన్ను విరిగింది. నవ్వుతూ ఇంకోసారి కొట్టింది. రక్తం మింగుతూ పక్కతెర చాటున నిలబడ్డాను. అది ఇక్కడ నిలబడి పూసలు సర్దుకుంటోంది. నువ్వు పైన తాడు పట్టుకుని ఉన్నావు. నేను... ఇదిగో, ఇలా..."

రెండు వేళ్ళూ నోట్లో పెట్టుకుంది.

"వద్దమ్మగారూ!" అని ఆగ్నెస్ అరిచింది.

ఈల పడింది.

పైన తాడు సర్రున జారింది. చీకట్లోంచి ఇనప గొట్టం, దాని వెనక కొండలా తెర... గాలి ఊపుకి దీపం ఊగింది. డోర్కస్ కదల్లేదు. కావాలనే కదల్లేదని ఆగ్నెస్ చెప్పేది. తల పైకెత్తి, కళ్ళు తెరిచి నిలబడింది.

పైన ఎవరో కేకపెట్టారు. జంతువు అరుపులా ఉంది.

గొట్టం ఆగింది.

ఆవిడ నుదుటికి జానెడు ఎత్తున... ఊగుతూ ఆగింది. తెర మీది దుమ్మంతా ఆవిడ జుట్టు మీద రాలింది. దుమ్ముతో పాటు వెచ్చగా ఒక చుక్క చెంప మీద పడింది. ఆగ్నెస్ వెళ్ళి తుడిస్తే, రక్తం.

ఇనప నిచ్చెన దిగుతూ ఒక మనిషి వచ్చాడు. చేతులతో కాదు, మోచేతులు మెట్లకి తగిలించుకుని దిగుతున్నాడు.

విల్ఫ్.

"నువ్వా..." అంది డోర్కస్.  "దెయ్యమనుకున్నానురా..."

"ముడులు చూసుకుందామని వచ్చాను. ఆ తాడు సరిగ్గా లేదని విప్పి కడుతున్నాను. మీ మాట విని ఆగాను." వాడి గొంతులో కోపం లేదు. అందుకే ఆగ్నెస్‌కి భయమేసింది. "ఈల విని వదిలేశాను. మా నాన్న చిన్నప్పుడు నేర్పాడు. అలవాటుకి వదిలానో, కసికొద్దీ వదిలానో... నాకే తెలీదమ్మగారూ."

"మళ్ళీ ఎందుకు పట్టుకున్నావు?"

విల్ఫ్ రెండు చేతులూ దీపం వెలుగులోకి చాపాడు. ఆగ్నెస్ మొహం తిప్పుకుంది. అరచేతుల్లో తోలు లేదు. ఎముకలు కనపడుతున్నాయి.

"మీరు బతికుంటేనే కదా చెప్పేది," అన్నాడు. "ఆ చెప్పింది రేపు జనంలో చెప్పండి. దీపాలన్నీ వేసి."

"చెప్తే నన్ను ఉరి తీస్తారు. తియ్యకపోయినా ఇంకెక్కడా వేషం ఇవ్వరు. ఇది నాకు ఆఖరిదిరా..."

"మా నాన్నకి నోట్లో తాడు కుక్కారు," అన్నాడు విల్ఫ్. "మీకు ఎవరూ కుక్కలేదు."

మర్నాటి రాత్రి తెర లేచేసరికి వేదిక మీద వేషం లేకుండా, తెల్లజుట్టుతో, డోర్కస్ ఒక్కతే నిలబడి ఉంది. ఆ చోటే. దర్శకుడు పక్కతెర చాటు నుంచి చేతులు ఊపుతున్నాడు. చెప్పింది. దువ్వెన దగ్గర్నుంచి ఈల దాకా, ఒక్క మాట మింగకుండా. కాలు వణకలేదు. మొదట ఎవరో సీసా విసిరారు. అది ఆవిడ కనుబొమ్మ చీల్చింది. తరవాత కుర్చీ కాలు ఒకటి వచ్చింది. కిందికి దిగిపోలేదు. పోలీసులు వచ్చేదాకా రక్తం కారుతూ అలాగే నిలబడి ఉంది. ముసలి పనివాళ్ళు ఇద్దరు టోపీలు తీసి విల్ఫ్ ముందు నిలబడ్డారు.

ఆవిడ విచారణ దాకా బతకలేదు. జైలు ఆసుపత్రిలో నిద్రలోనే పోయింది. తెర మీద అన్ని చావులు చచ్చిన మనిషికి చివరికి అంత మెత్తటి చావు.

అసలు సంగతి చివరికి అట్టే పెట్టాను. ఆగ్నెస్ కూడా అలాగే చెప్పేది, టీ చల్లారిపోయాక.

ఈ గలాభా అంతా అయిన వారానికి, చేతులకి కట్లతో ఉన్న విల్ఫ్ ఆగ్నెస్‌ని అటక మీదికి తీసుకెళ్ళాడట. ఆ తాడు పోలీసులు చూసి అలాగే వదిలేశారు. ఇంకెవరినీ వాడు ముట్టుకోనివ్వలేదు.

"మూడు మణుగులు," అన్నాడు. "జారుతున్న బరువు. ఒక్కడి వల్ల ఆగుతుందా చెప్పు?"

"నువ్వు ఆపావు కదయ్యా, నేను చూశాను..."

"నేను పట్టుకున్నాను. ఆపలేదు. తోలంతా ఊడి నా చేతుల్లోంచి తాడు పోయింది. పోయిందనే కేకపెట్టాను. తరవాతే ఆగింది. ఈ ముడి నేను వేసింది కాదు."

తాడు చివర, తాళ్ళు కట్టే కొయ్యకి బిగించి ఉంది. ఆగ్నెస్ వంగి చూసింది. తాడు పొడుగునా నల్లగా గడ్డకట్టిన రక్తం, ఎక్కడ వేలు పెట్టినా రక్తమే.

కొయ్య దగ్గర ముడి మాత్రం తెల్లగా ఉంది. చుక్క లేదు.