తిప్పిన కంచం

వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, ఎండుచేప. జొవెలిన్ కొడుకు సగం తిని బడికి లేచాడు. వాడు గడప దాటేలోగా నాయనమ్మ లుదివినా తన కంచాన్ని ఒక చుట్టు తిప్పింది. భోజనం మధ్యలో ఎవరైనా లేచి బయల్దేరితే మిగిలినవాళ్ళు కంచాలు తిప్పాలి. అప్పుడే వెళ్ళినవాడు క్షేమంగా చేరతాడు. ఆ ఇలోయిలో రేవుపట్నంలో ఓడెక్కిన మగవాడున్న ఏ ఇంట్లోనూ దీన్ని తేలిగ్గా తీసుకోరు.

"బడి వీధి చివరే కదా అత్తయ్యా," అంది జొవెలిన్ నవ్వుతూ.

"మోటారు ట్రైసికిళ్ళవాళ్ళు ఎలా తోలుతున్నారో చూడట్లేదా? నీదీ తిప్పు."

జొవెలిన్ కూడా తిప్పింది. ఆమె భర్త రామిల్ సరుకు ఓడలో వంటవాడు. యుద్ధం పుణ్యమా అని ఎర్రసముద్రంలో తమ దారిన తాము పోయే ఓడల మీద కూడా డ్రోన్లు పడుతున్నాయి. తమ ఓడ అటు వెళ్ళదని, ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతుందని రామిల్ ధైర్యం చెప్పాడు. అయినా ఆమె రోజూ ఫోనులో పటం తెరిచి, ఓడ చుక్క ఎక్కడుందో చూసుకునేది.

ఆ పూట గిన్నెలు తోముతూ మధ్యలో చెయ్యి తుడుచుకుని చూసింది. చుక్క ఆఫ్రికా కిందికి పోలేదు. ఎర్రసముద్రం వాకిటిదాకా వెళ్ళి అక్కడ మాయమైంది. ప్రమాదమున్నచోట ఓడలు తమ జాడ చెప్పే సంకేతాన్ని ఆపేస్తాయని ఓడవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి కూడా తెలుసు.

ఫోను తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ ఫోను వంక చూడలేదు, తల వంచుకుంది.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"తల్లికి చెప్పి పెళ్ళానికి దాచాడన్నమాట. అటు పోయే ఓడ దిగిపోతానంటే ఎవరూ కాదనరు కదా, ఎందుకు దిగలేదు?"

"నేనూ అదే అడిగాను. ఉన్నవాళ్ళకి అన్నం ఎవరు వండుతారమ్మా అన్నాడు. నువ్వు ఏడిస్తే దిగిపోతాడట, అందుకని నీకు చెప్పొద్దన్నాడు."

"ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చుని తిన్నారు. మీకు మింగుడెలా పడింది?"

"పడలేదు," అంది ముసలావిడ.

ఆ ఒక్క మాటతో జొవెలిన్ కోపమంతా నీరుగారిపోయింది. అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే అసలు సంగతి బయటపెట్టింది. రామిల్ వెళ్ళిన ఉదయం, యుద్ధం అయ్యేదాకా ఓడెక్కొద్దని ఆమె పోట్లాడింది. తింటుండగానే వ్యాను వచ్చింది. అతను లేచాడు. ఆమె కోపంతో కంచం తిప్పకుండా లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అప్పట్నుంచీ అది గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"ఆయనకేమైనా అయితే నావల్లే అత్తయ్యా."

"పిచ్చిదానా, నీ కంచం నేను తిప్పాను. అప్పటికింకా వ్యాను మలుపు కూడా తిరగలేదు. చెంచా జారి కిందపడింది, చప్పుడు వినబడలేదా?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే, నువ్వు తిప్పలేదని నేను చూసినట్టు నీకు తెలిసిపోతుంది. అసలే మొగుణ్ణి పంపి బాధలో ఉన్నావు. అదికూడా ఎందుకని ఊరుకున్నాను."

జొవెలిన్ ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది. కన్నతల్లి కూడా తనని ఇంత గుట్టుగా కాచి ఉండదనిపించింది.

మర్నాడు ఇద్దరూ భోంచేస్తుండగా ఫోను మోగింది. రామిల్ చేశాడు. డ్రోను ఒకటి ఓడకి దగ్గర్లోనే నీళ్ళలో పడిందట. వంటగదిలో సూపు గిన్నె బోర్లాపడిందట, మనుషులంతా క్షేమమట. రామిల్ నవ్వుతూనే చెప్పాడుగాని గొంతు వణుకుతోంది. జొవెలిన్ దాచుకున్న తిట్లలో ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"వండిపెట్టు. అందరికీ కడుపునిండా పెట్టు," అంది. "మిగతాది ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

పొయ్యి మీద అన్నం ఉందంటూ అతను ఫోను పెట్టేశాడు. జొవెలిన్ తన కంచం తిప్పింది. చెయ్యి చాపి అత్తగారిదీ తిప్పింది.

"ఫోను పెట్టేసినవాడికి కూడా తిప్పుతారటే?"

"ఇంకా దారిలోనే ఉన్నాడు కదా అత్తయ్యా."

లుదివినా కళ్ళు తుడుచుకుని, తన కంచంలోని పెద్ద చేపముక్క తీసి కోడలి కంచంలో వేసింది.