మలుపు దగ్గర చల్లగాలి

ఆ రోజుల్లో రెంటచింతలలో వేసవి వచ్చిందంటే పగటిపూట రోడ్డు మీద నడిచే మనిషే ఉండడని అందరూ అనుకునేవారు. బడి తెల్లవారకముందే ముగిసేది. పెళ్ళిళ్ళు భూమి అడుగున కట్టిన మంటపాల్లో జరిగేవి. ఊరు దాటాలంటే కారే దిక్కు. దారిలో ఏసీ చెడిపోతే ఆస్పత్రికి చేరేలోగా ప్రాణం పోయినా పోవచ్చు.

అందుకే డాక్టర్ వకుళ, ఆమె బృందం కార్లలో అమర్చే దేహగ్రాహకం అనే సెన్సరును తయారుచేశారు. పాతకాలపు కార్లలో సెన్సర్లు గాలి ఎంత వేడిగా ఉందో కొలిచేవి. ఒకటి డాష్‌బోర్డు లోపల, ఒకటి బంపరు వెనక, ఎండ తీవ్రత చూడటానికి ఇంకొకటి. దేహగ్రాహకం మాత్రం మనిషినే చదువుతుంది. సీట్లో కూర్చున్నవారి ఒంటి వేడి, ఊపిరిలో తేమ, గుండె కొట్టుకునే తీరు తాకకుండానే పసిగడుతుంది. వాళ్ళకు హాయిగా అనిపించేదాకా రకరకాల ఉపాయాలు చేసి చూస్తుంది. ఏది పనిచేసిందో గుర్తుపెట్టుకుంటుంది. ఎందుకు పనిచేసిందన్నది దానికి అక్కర్లేదు.

అది మార్కెట్లోకి వచ్చాక వకుళకు అంతుబట్టని ఫిర్యాదు ఒక్కటే వచ్చింది. పంపినాయన కోటిలింగం. మాచర్ల దారిలో ఆయనకు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. రోజూ మధ్యాహ్నం ఒకే మలుపు దగ్గర కారు దానంతటదే నెమ్మదిస్తుందట. ఎడమవైపు అద్దం జానెడు కిందికి దిగి, లోపలి చల్లదనమంతా బయటికి పోతుందట. సర్వీసు సెంటర్లో వైర్లు మార్చారు, గ్రాహకం విప్పి శుభ్రం చేశారు. అయినా అదే వరస.

తనంతట తానే నడిచే ఆ కారులో వకుళ పరీక్ష పరికరం ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చుంది.

"నాకు బీపీ ఉంది మేడం. ఆ వడగాలి మొహాన కొడితే ఏమైపోతానో చెప్పండి," అన్నాడు కోటిలింగం, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

మలుపు వచ్చింది. కారు నెమ్మదించింది. అద్దం దిగింది. పొయ్యి మూత తీసినట్టు వేడి లోపలికి కొట్టింది. వకుళ గబగబా అంకెలు చూసింది. గ్రాహకం సరిగ్గానే ఉంది. కాని అద్దం దిగడానికి కొన్ని క్షణాల ముందే కోటిలింగం గుండె వేగం పెరిగింది. అరచేతులకు చెమట పట్టింది. వేడి లోపలికి వచ్చాక, విచిత్రంగా, ఆ గుండె కుదుటపడింది.

ఆమె కారును ఆపించి, దాన్నే అడిగింది. "అద్దం ఎందుకు దించావు?"

"ఇక్కడికి రాగానే ఈయనకు ఇబ్బందిగా ఉంటోంది," అంది కారు. "గాలి చల్లబరిచాను, తగ్గలేదు. సీటు చల్లబరిచాను, తగ్గలేదు. ఒకరోజు అద్దం దించాను, తగ్గింది. అప్పట్నుంచీ దించుతున్నాను."

వకుళ అద్దంలోంచి బయటికి చూసింది. రోడ్డు వారన సోలార్ పలకల వరస. వాటి దుమ్ము తుడిచే పనికి యంత్రాల కంటే మనుషులే చవకని ఇంకా కూలీలనే పెట్టేవారు. తడిగుడ్డ తలకు చుట్టుకున్న ఒకామె చీపురుకర్ర పట్టుకుని, దిగిన అద్దానికి ఎదురుగా కళ్ళు మూసుకుని నిలబడి ఉంది.

"ఏమ్మా, ఇక్కడ నిలబడ్డావేం?" అడిగింది వకుళ.

ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "రోజూ ఈ ఏళకి ఇక్కడ చల్లగాలి వస్తదమ్మా. అది కాస్త తగిలితే సాయంత్రం దాకా తట్టుకుంటా. మొన్న మా మరియమ్మ ఆ చివర పలకల కాడే పడిపోయింది. మళ్ళీ లేవలా." తర్వాత భయంగా అడిగింది. "నిలబడకూడదా అమ్మా?"

ఆమె పేరు దానమ్మ.

కోటిలింగం ఫోను పక్కన పెట్టాడు. "నేనసలు ఈమెను ఎప్పుడూ చూళ్ళేదు మేడం."

"మీరు చూశారండీ. రోజూ చూస్తున్నారు," అంది వకుళ మెల్లగా, తెర ఆయన వైపు తిప్పుతూ. రోజూ ఆ మలుపు దగ్గర ఎగసిన ఆయన గుండె గీతలు అక్కడ వరసగా ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటిగా వేలితో చూపించింది. ఎండ నుంచి కాపాడటానికి తాము చేసిన వస్తువు, ఆయన తనకు తెలియకుండా దాచుకున్న నొప్పిని పట్టుకుంది. దానికి మందు కూడా అదే వెతికి పెట్టింది. జాలి అంటే ఏమిటో ఎవరూ దానికి నేర్పలేదు.

కోటిలింగం చాలాసేపు ఆ గీతలనే చూశాడు. తర్వాత తలుపు తీశాడు. "ఎక్కమ్మా. మధ్యాహ్నాలు మా చల్లటి గోడౌనులో కూర్చుందువుగాని."

"నేనొక్కదాన్నేనా అయ్యా? ఇంకా ఉన్నారు."

"అందర్నీ పిలువు," అన్నాడు. వకుళ వైపు తిరిగి, "రిపేరు వద్దులెండి," అన్నాడు.

వకుళ ఆ ఉత్సాహంలోనే ప్రయోగశాలకు వచ్చింది. ఆ మలుపు మీదుగా వెళ్ళే కార్లన్నిటి వివరాలూ తెప్పించింది. ఇలాంటి అద్భుతం ఇంకెన్ని కార్లలో జరుగుతోందో చూడాలనుకుంది. వందలాది కార్లు. కోటిలింగం కారు తప్ప ఒక్కదానిలోనూ అద్దం దిగలేదు. మలుపు దగ్గర మరెవరి గుండె వేగమూ పెరగలేదు, ఎవరి అరచేతికీ చెమట పట్టలేదు. అవన్నీ చెడిపోయిన గ్రాహకాలేమో అనుకుంది మొదట.

జాబితా చివరికి వచ్చేసరికి ఒక నంబరు దగ్గర ఆమె వేలు ఆగింది. అది ఆమె కారే. ప్రయోగశాలకు రోజూ ఆ దారినే వస్తుంది. మలుపు దగ్గర ఆమె గుండె వేగం ఒక్కరోజూ మారలేదు.

కిందికి వెళ్ళి తన కారులోని గ్రాహకాన్ని స్వయంగా విప్పి తెచ్చింది. బల్ల మీద బిగించి దాని ముందు కూర్చుంది. వైర్లు చూసింది, కటకం తుడిచింది, మళ్ళీ మళ్ళీ పరీక్షించింది. అది ఆమె ఒంటి వేడినీ, ఊపిరినీ, గుండె చప్పుడునూ పొల్లుపోకుండా చెబుతూనే ఉంది. ఎంత వెతికినా దానిలో ఏ లోపమూ దొరకలేదు.